బిడ్డకిచ్చిన చెట్టు: ఓరుగల్లు పందిరి మంచం ఆత్మకథ

పాకాల చెరువు కింద పారే పొలాల గట్టున నేను పెరిగాను. కాకతీయ గణపతిదేవుడి ఏలుబడిలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువది. దాని చుట్టూ అడవి, ఆ అడవి అంచున పొలాలు, ఒక పొలం గట్టున టేకు చెట్టుగా నేను. నా నీడన కూర్చుని సద్ది తిన్న రైతుకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. బిడ్డకు పెండ్లి కుదిరినప్పుడు ఆయన జంగ్లాత్ వాళ్ళ అనుమతి తెచ్చుకుని నన్ను కొట్టించాడు. భూమి కొడుకులకు, భూమి మీద మొలిచిన చెట్టు బిడ్డకు. ఆనాటి లెక్క అది. ఆ లెక్కలో నుంచే నేను పుట్టాను.

కొట్టగానే పని మొదలుపెట్టలేదు. దుంగలను కోయించి, పలకలు పలకలుగా నీడన పేర్చి బాగా ఆరనిచ్చారు. పచ్చి కర్రతో మంచం చేస్తే ఆరే కొద్దీ కర్ర ముడుచుకుంటుంది, అతుకులు సడలుతాయి. మా ఊరి వడ్లాయన ఆ విషయంలో తొందరపడే మనిషి కాదు. ఆరిన తరువాత కూడా బయటి తెల్ల కర్రనంతా బాడిసతో చెక్కి పారేశాడు. చెదలకు ఇష్టమైన తిండి అదే. లోపలి చేవ మాత్రం ఉంచుకున్నాడు. టేకు చేవలో ఉండే నూనె వల్ల చెదలు దాని జోలికి అంత సులువుగా రావు. ఇవాళ్టికీ నా గుంజ మీద చెయ్యి పెట్టి రుద్దితే అరచేతికి ఆ జిడ్డు తెలుస్తుంది.

నన్ను తయారు చేసిన తీరు చెప్పాలి, ఎందుకంటే నా బతుకంతా ఆ తీరు మీదే నిలబడింది. నా నాలుగు కోళ్ళూ నేల నుంచి పందిరి దాకా ఒక్కొక్కటీ ఒకే కర్ర. అడుగున బరువు మోసేచోట లావుగా, నడుమ తరిమెన పట్టి కలశాలూ తామరమొగ్గలూ తేల్చి, పైకి పోయేకొద్దీ సన్నగా చేశాడు. కోళ్ళను కలుపుతూ నాలుగు పట్టెలు. పట్టె కొసను కుసిగా చెక్కి, కోడులో తొలిచిన బెజ్జంలోకి దిగేసి, అడ్డంగా చీల కొట్టాడు. తలాపు వైపు పలక మీద రెండు చిలుకలు, వాటి మధ్య ఒక తీగ. పైన నాలుగు గుంజలనూ పట్టి ఉంచే చట్రం. ఎక్కడా ఇనుప మేకు లేదు. ప్రతి అతుకు దగ్గరా రెండు కర్రల మీదా ఒకే గుర్తుగా ఉలితో గాట్లు పెట్టాడు: ఒక మూలకు ఒక గాటు, రెండో మూలకు రెండు, అట్లా నాలుగు దాకా. చీలలు తీస్తే నేను ఒక మోపు కర్రలను. గాట్లు చూసి కలిపితే మళ్ళీ మంచాన్ని. చదువు రానివాళ్ళు కూడా నన్ను విప్పి నిలబెట్టగలగాలని ఆయన ఆలోచించాడు. అంత దూరం ఆలోచించిన మనిషికి కూలి కొంత నిజాం హాలి రూపాయల్లో, కొంత ధాన్యంగా ముట్టింది.

ఎడ్లబండి మీద నర్సంపేట మీదుగా వరంగల్లుకు వచ్చాను. బండిలో నా పక్కన బిందెలు, గంగాళం, ఒక సందుగ. మరో బండిలో ఆ బిడ్డ. ఇప్పటి ఇంటివాళ్ళు ఆమెను అమ్మమ్మ అంటారు, నేనూ అట్లే అంటాను. అప్పటికి ఆమెకు ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు.

అత్తగారిల్లు గిర్మాజిపేటలో. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు ఉన్న భవంతి. తోడికోడళ్ళు, మరుదులు, పిల్లలు, వచ్చిపోయే చుట్టాలు. అమ్మమ్మకిచ్చిన అర్రకు రెండు దర్వాజలు, ఎందుకంటే దాని వెనకే గింజల అర్ర. పొద్దంతా ఎవరో ఒకరు బియ్యం కోసమో పప్పు కోసమో అటు నుంచి ఇటు నడుస్తూనే ఉండేవాళ్ళు. ఆ ఇంట్లో తలుపు వేసుకోవడానికి ఆమెకు వీలున్న చోటు ఒక్కటీ లేదు. ఉన్నదల్లా నా తెర.

తెర గుడ్డ తాతయ్య తెచ్చాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లులో ఆయన గుమాస్తా. పలుచటి మల్లుగుడ్డ తెచ్చి నాలుగు వైపులా అమ్మమ్మ చేతనే కుట్టించాడు. పైన చట్రానికి మేల్కట్టు. పెంకుటింట్లో మేల్కట్టు లేకపోతే పడుకున్నవాళ్ళ మీద మట్టి రాలుతుంది, బల్లి పడుతుంది, వానకాలంలో తేలు కూడా పడుతుంది. నన్ను ఎత్తుగా చేయించడం కూడా పురుగూ పుట్రా తలచుకునే. ఎండాకాలం చీమలు బారులు తీరినప్పుడు నా కోళ్ళ కింద నీళ్ళు పోసిన రాతిగిన్నెలు పెట్టేవాళ్ళు.

చలిదేశాల్లో నావంటి మంచాలకు దట్టమైన తెరలు కట్టేవారట, వెచ్చదనం బయటికి పోకుండా. ఇక్కడ వెచ్చదనానికి ఏం కొదువ. గాలి రావాలి, దోమ రాకూడదు. అందుకే పలుచటి తెర. అయితే పలుచటి తెరకు ఇంకో గుణం ఉంది. లోపల చీకటిగా ఉండి బయట దీపం ఉంటే లోపలివాళ్ళకు బయట అంతా కనిపిస్తుంది, బయటివాళ్ళకు లోపల ఏమీ కనిపించదు. అమ్మమ్మ ఇది వచ్చిన కొద్దిరోజులకే గ్రహించింది. పగలంతా అందరి కళ్ళ ముందు తిరిగే మనిషి, రాత్రి తెర లోపల కూర్చుని అందరినీ తానే చూసేది.

ఏడుపు కూడా నా తెర లోపలే. ఇంటి ముచ్చట్లు మొగుడికి చెప్పుకోవడం లోపలే. పరుపు కింద, తలాపు పట్టె సందులో, మూట కట్టిన నాలుగు హాలి రూపాయలు. చదువు కూడా లోపలే మొదలైంది. తాతయ్య సాయంత్రాలు హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయానికి పోయేవాడు. 1904లో పుట్టిన గ్రంథాలయం అది. నిజాం రాజ్యంలో తెలుగు బడి దొరకడమే కష్టమైన రోజుల్లో మా వైపు వాళ్ళకు అదే పెద్ద బడి. అక్కడి నుంచి పుస్తకం, ఒక్కోసారి పాత గోలకొండ పత్రిక, చంకలో పెట్టుకుని వచ్చేవాడు. తెర అంటుకుంటుందని లాంతరు బయట ముక్కాలిపీట మీద పెట్టి, తెరకు దగ్గరగా జరిగి ఆమెకు అక్షరాలు దిద్దబెట్టాడు. కోడలు చదువుకుంటున్నదని అత్తగారికి చాలాకాలం తెలియదు. తెలిసే సమయానికి ఆమె పత్రిక చదివి అర్థం చెప్పగలిగే మనిషైంది, అత్తగారే పిలిచి జాబులు చదివించుకునేది.

నా మీద పుట్టుకలు జరిగాయని చాలామంది అనుకుంటారు. జరగలేదు. పురుడు వస్తే నులక మంచం, మైల తీరేదాకా నా దగ్గరికి రానిచ్చేవాళ్ళు కారు. పోయే ప్రాణాన్ని కూడా నా మీద ఉండనివ్వరు, చివరి ఘడియల్లో దించి నేల మీద పడుకోబెడతారు. నాకు దక్కింది ఆ రెంటి నడిమి బతుకు. జ్వరాలు, అలకలు, నిద్రపట్టని రాత్రులు, పిల్లలకు చెప్పిన కథలు. నాకు అదే ఎక్కువ.

1946 తరువాత ఊళ్ళో భయం నిండింది. వరంగల్లు కోటలో జెండా ఎగరేసిన చోట బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపిన ఏడాది అది. 1948 నాటికి ఇండ్లకు తాళాలు వేసి జనం నిజాం రాజ్యపు సరిహద్దు దాటడం మొదలుపెట్టారు. మావాళ్ళు బెజవాడ రైలు ఎక్కేముందు అమ్మమ్మ నా చీలలు తీయించింది. పట్టెలు, గుంజలు విడివిడిగా అటక మీదికి ఎక్కాయి, తెర సందుగలోకి పోయింది. నిలబడి ఉంటే నన్ను ఎవరైనా మోసుకుపోయేవాళ్ళేమో. కర్రల కుప్పను ఎవరూ పట్టించుకోలేదు. సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక తిరిగి వచ్చారు. వడ్లాయన దొరకలేదు. అమ్మమ్మే కొంగు నడుముకు చుట్టి, పెద్దకొడుకును ఆ కొసన పట్టుకొమ్మని, గాట్లు లెక్కపెట్టుకుంటూ నన్ను నిలబెట్టింది. చీలలు మాత్రం కొన్ని పోయాయి, కొత్తవి చెక్కించారు.

ఇక దోమ సంగతి. నా తెర పుట్టిందే దాని కోసం, మా వైపే దాని గుట్టు బయటపడింది. 1897 ఆగస్టులో సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెర లోపల ఉంచి, తాను పెంచిన దోమలను ఆ తెరలోకి వదిలాడు. కుట్టిన దోమకు అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ఎనిమిది అణాలు ముట్టాయి. నాలుగు రోజులకు, ఆగస్టు 20న, అట్లాంటి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి రాస్ కంటపడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమను బయట ఉంచే తెరలోకి ఆరోజు దోమనే పంపారు. ఎనిమిది కాట్లకు ఒళ్ళు అప్పగించిన హుసేన్ ఖాన్ లేకుండా ఆ గెలుపు లేదు. ఆయన పేరును కూడా బడిపిల్లలు నేర్చుకోవాలని నాకుంది.

1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ మొదలైంది. మా అర్ర గోడలకూ డీడీటీ కొట్టారు, కొట్టిన తేదీ తలుపు పక్కన రాసిపోయారు. అప్పటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1965 నాటికి అది దాదాపు లక్షకు దిగింది. ఇంట్లో నా తెర విప్పి మడతపెట్టారు. ఇక దీని అవసరం తీరిందన్నారు. కానీ దోమలు డీడీటీకి అలవాటుపడ్డాయి, పనిలో పట్టు సడలింది. 1976లో లెక్కకు వచ్చిన కేసులే 64 లక్షలు దాటాయి. సందుగలో తెర మళ్ళీ బయటికి వచ్చింది, మడతల దగ్గర చిరుగులతో. అమ్మ కూర్చుని ఒక్కొక్క చిరుగూ కుట్టింది.

అమ్మ అంటే అమ్మమ్మ బిడ్డ. అప్పటికి నేను ఆమె దగ్గరే ఉన్నాను. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది అమ్మ పెండ్లి. చట్టాన్ని ఎవరూ తలచుకోలేదు గానీ, కట్నం ఎంతన్న మాట నడిచేటప్పుడు అమ్మమ్మ ముందుకొచ్చి, "మంచం నాది. మా నాయిన నాకిచ్చిండు. అది నా బిడ్డకే" అన్నది. ఆ ఇంట్లో ఆమె 'నాది' అనగా నేను విన్నది అదొక్కసారే. అట్లా నేను హన్మకొండ వచ్చాను. పరుపు మీద పరచడానికి కొత్తవాడ నేతగాళ్ళు నేసిన జంపఖాన కూడా నాతో వచ్చింది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలు అవే. మాది గుర్తింపు రాకముందే అరిగిపోయింది.

తాతయ్య పోయాక ఒక మధ్యాహ్నం అమ్మ అన్నదమ్ములు కాగితాలు తీసుకుని వచ్చారు. గిర్మాజిపేట ఇల్లు ఆయన సొంత సంపాదన. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు వాళ్ళతో సమానంగా వాటా ఉంది. ఆ వాటా వదులుకుంటున్నట్టు రాసుకొచ్చారు. అమ్మ నా పట్టె మీద కూర్చుని ఉంది, వాళ్ళు కుర్చీల్లో. పెద్దాయన మెల్లగా అన్నాడు: "నీకు మంచం ఇచ్చినం గద చెల్లే." ఆ మాటలో కోపం లేదు, మోసం చేస్తున్నానన్న ఎరుకా లేదు. నిజంగానే లెక్క తీరిందని ఆయన నమ్మాడు. అమ్మ సంతకం పెట్టింది. పుట్టింటికి పోయినప్పుడు కాళ్ళకు నీళ్ళిచ్చే మనుషులు మిగలాలి కదా అని ఆ రాత్రి తెర లోపల నాన్నతో అంది. నాన్న ఏమీ అనలేదు. నా జన్మలో నేను మోసిన బరువుల్లో ఆ సంతకం అంత బరువు మరొకటి లేదు. నన్ను అడ్డం పెట్టి ఒక ఇల్లు తీసుకున్నారు.

నావంటి వాళ్ళకు చెడ్డకాలం కరెంటు పంకాతో వచ్చింది. పైకప్పు నుంచి పంకా వేలాడితే దాని గాలికి మేల్కట్టు అడ్డం. మొదట మేల్కట్టు తీస్తారు, తరువాత చట్రం ఎందుకంటారు, చివరికి గుంజలు కోసేసి మామూలు మంచం చేస్తారు. వరంగల్లు ఇండ్లలో ఎన్ని పందిరి మంచాలు అట్లా తల తెగి మిగిలాయో. కొన్నిటి గుంజలు హోటళ్ళ అలంకారానికి పోయాయి, కొన్నిటి పలకలు దర్వాజలైనాయి. సామాన్ల గదులున్న ప్లైవుడ్ డబుల్ కాట్లు వచ్చాయి. సినిమాల్లో మాత్రం మేము బతికే ఉన్నాం, పూలదండలు చుట్టుకుని, ఒక్క రాత్రి కోసం. వేల రాత్రుల మంచాన్ని ఒక్క రాత్రికి కుదించడం నాకు బాధ. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చిన రాత్రిని ఏ సినిమా నా మీద తీయలేదు.

నన్ను కోయకుండా ఆపింది అమ్మ. పంకాను నా పక్కన గోడకు బిగించమంది. అంతే, సమస్య తీరిపోయింది. కోయడం కన్నా సులువైన దారి ఉంటుందని కోసేవాళ్ళకు తోచదు.

అమ్మ బిడ్డ కాకతీయ మెడికల్ కాలేజీలో చేరింది. రాస్ కథ, హుసేన్ ఖాన్ ఎనిమిది అణాలు ఆమె చదివి చెప్పగా విన్నవే. ఇంకో ముచ్చట కూడా ఆమె వల్లే తెలిసింది. ఈజిప్టులో గొప్ప పిరమిడ్ కట్టించిన ఖుఫూ తల్లి హెటెఫెరెస్ సమాధి 1925లో బయటపడితే, అందులో బంగారు రేకు తొడిగిన పందిరి దొరికింది. విప్పి కట్టుకోవడానికి వీలైన పందిరి, దాని కింద మంచం, తెరలు మడిచి పెట్టుకునే పెట్టె. నాలుగున్నర వేల ఏండ్ల కిందటి సంగతి. పందిరి మీద ఆమె భర్త స్నెఫ్రూ పేరు చెక్కి ఉందట. అది విన్నప్పటి నుంచి అమ్మమ్మ సందుగలో మడిచిన మల్లుతెర నాకు వేరుగా కనిపిస్తున్నది. రాణి అయినా మా అమ్మమ్మ అయినా వెంట తీసుకుపోగలిగింది మంచమూ తెరా.

డాక్టరమ్మ చదువులో ఉండగానే ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకులతో సమానంగా బిడ్డలకు పుట్టుకతోనే హక్కు. ఆ తేదీకి ముందే పెండ్లయినవాళ్ళకు మాత్రం లేదు. దేశమంతటా ఇట్లాంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది, ఆ చట్టం కూడా 2004 డిసెంబరు 20కి ముందే ముగిసిన పంపకాలను తిరగదోడలేదు. రామారావు ప్రభుత్వం చేసిన సవరణ సంగతి పత్రికలో చదివినప్పుడు తల్లీబిడ్డలిద్దరూ నా మీదే కూర్చుని ఉన్నారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నువ్వు సంతకం పెట్టకు" అన్నది. అంతకుమించి ఒక్క మాట లేదు.

డాక్టరమ్మ పెట్టలేదు. నాన్న వైపు తాతల నాటి జాగాలో పంపకం వచ్చినప్పుడు తన వాటా అడిగింది. ఇంట్లో కొన్నాళ్ళు ముఖాలు మాడ్చుకున్నారు. చుట్టాలు చాటున ఏవేవో అన్నారు. చివరికి హన్మకొండలోనే ఒక చిన్న ముక్క ఆమె పేర రిజిస్టరైంది. అక్కడ రెండు గదులు వేసుకుంది. అమ్మను, నన్ను తెచ్చుకుంది. గాట్లు చూసి నన్ను నిలబెట్టారు. పాకాల గట్టు నుంచి కదిలిన తరువాత, నా మనిషి సొంత నేల మీద నేను నిలబడడం అదే మొదలు. అత్తగారి ఇంట్లో నిలబడ్డాను, భర్త ఇంట్లో నిలబడ్డాను. ఇది వేరు. నా బరువు కోళ్ళ మీద సమంగా పడింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆమెను కూడా చివరికి కిందికే దించారు. 2023 జూలై వానలకు హన్మకొండ కాలనీల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ఈ ఇంట్లోకీ వచ్చాయి. నా కోళ్ళ మీద మొదటి కలశం దాకా నిలిచాయి. పరుపు తడవలేదు. పొరుగింటి పిల్లలు ముగ్గురు ఆ రాత్రి నా మీదే కూర్చుని తెల్లవార్చారు. ప్లైవుడ్ మంచాలు ఉబ్బి బజారులో పడ్డాయి. నేను ఎండకు వారం రోజులు నిలబడి మళ్ళీ లోపలికి వచ్చాను. డెంగీ దోమ పగటిపూటే కుడుతుంది కనుక నైలాను తెర ఇప్పుడు మధ్యాహ్నం కూడా దిగుతున్నది. తెర అవసరం తీరిపోయిందని ఎవరైనా అంటే డాక్టరమ్మ ఊరుకోదు.

పోయిన నెల ఆమె తమ్ముడు వచ్చాడు. ఆయన బిడ్డకు పెండ్లి కుదిరింది. ఆ అమ్మాయికి నేనంటే ఇష్టం, చిన్నప్పుడు నా గుంజలు పట్టుకుని చుట్టూ తిరిగిన పిల్లే. మెత్తగా అడిగాడు: "అక్కా, అమ్మమ్మ మంచం బిడ్డకియ్యరాదు? మనింట్ల ఆడపిల్లకే గద పోవాలె."

డాక్టరమ్మ వెంటనే జవాబియ్యలేదు. చాయ్ తాగడం అయ్యాక, "ఇస్త. ముందుగాల నీ వడ్డేపల్లి ప్లాటుల దాని వాటా దాని పేర రాయి" అన్నది.

"గదేంది అక్కా, మంచానికి ప్లాటుకు ఏం సంబంధం?"

"అమ్మను అడిగితె చెప్పుండె."

తమ్ముడు ఆరోజు మాట్లాడకుండా వెళ్ళాడు. మొన్న మళ్ళీ వచ్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో తేదీ తీసుకున్నానన్నాడు. బిడ్డే అడిగిందట, అత్త అన్నది నిజమే కదా నాయినా అని. వడ్లాయనకు కబురు పోయింది. మూడు గాట్ల మూల దగ్గర చీల అరిగింది, కొత్తది చెక్కాలి. కాగితం చేతికి వచ్చిన రోజే నన్ను విప్పుతారట.